దుఃఖం, విశ్వాసం, గిన్నెడు జావ

పత్తి, మిరప దెబ్బతిన్న ఏడు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంటి యజమాని మాట్లాడడమే మానేస్తాడు. అన్నం సహించదు, నిద్ర పట్టదు. మా మదరసాలో చదివే ఒక బాలుని తండ్రి, కౌలుకు మిరప వేసిన రైతు, ఇలాగే మంచం పట్టాడు. “ఈమాన్ తగ్గింది మౌలానా, నమాజు శ్రద్ధగా చేయమని చెప్పండి” అన్నారు బంధువులు. మేమూ అదే చెప్పాము. ఆ మాట ఒక్కటే చాలదని తరువాత గ్రహించాము.

కుమారుడు యూసుఫ్ (అలై) ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబారాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ప్రవక్తకే అంతటి దుఃఖం కలిగినప్పుడు దుఃఖాన్ని విశ్వాస లోపమని ఎలా అనగలము?

కుంగుబాటులో శరీరానికీ పాత్ర ఉంది. మన ప్రేగులలో లక్షల కోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. 2004లో జపాన్ పరిశోధకులు ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను కదలనివ్వకుండా బంధించి చూశారు. మామూలు ఎలుకలకంటే వాటిలో ఒత్తిడి హార్మోన్లు అధికంగా పెరిగాయి. చిన్న వయసులోనే మేలు చేసే బ్యాక్టీరియాను అందిస్తే ఆ తీవ్రత తగ్గింది. 2019లో బెల్జియంలో వెయ్యిమందికి పైగా పరీక్షించగా, కుంగుబాటు ఉన్నవారిలో రెండు రకాల బ్యాక్టీరియా తక్కువగా కనిపించాయి. అయితే ఏది కారణమో, ఏది ఫలితమో ఇంకా తేలలేదు.

ఈ జీవులకు ముఖ్యాహారం పీచు. తెల్లటి అన్నం, పచ్చడితోనే పొద్దు గడిచే ఇంట్లో అది వాటికి సరిపడా అందదు. మరణం సంభవించిన ఇంట హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా, అంటే జావ, వండించేవారు. అది రోగి మనసుకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా తాము విన్నట్లు తెలిపేవారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. తల్బీనాను బార్లీ పిండితో కాస్తారు. బార్లీలోని పీచును ప్రేగులలోని బ్యాక్టీరియా పులియబెట్టి, పేగు గోడకు పోషణనిచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. హదీసుకు ప్రయోగశాల సాక్ష్యం కావాలని మేము అనడం లేదు. మరచిన సున్నత్‌ను గుర్తుచేస్తున్నాము. బార్లీ దొరకకపోతే జొన్న, రాగి జావ, పప్పు, ఆకుకూర, పెరుగు మన ఇళ్ళలో ఉన్నవే.

అయితే జావ వైద్యానికి బదులు కాదు. వ్యాధికి చికిత్స చేయించుకోమన్నదీ ప్రవక్త (స) బోధనే. రెండు వారాలైనా దిగులు వీడకపోతే డాక్టరుకు చూపించండి. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందును ఆ ఇంట్లో ఉంచనివ్వకండి.

ఆ రైతును భార్య డాక్టరు వద్దకు తీసుకువెళ్ళింది. ఇరుగుపొరుగు వారు వంతులవారీగా భోజనం పంపారు. నెలలు గడిచాక అతడు తిరిగి జుమా నమాజుకు వచ్చాడు. అతనికి మేము ఏ ఉపదేశమూ చేయలేదు. పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నాము.