ప్రయాణంలో పసిబిడ్డ పేచీ

"ఇంటిలో ఉన్నంతసేపు చక్కగా ఆడుకుంటాడండీ. గడప దాటి బస్సు ఎక్కామంటే చాలు, పేచీ మొదలు. ఎత్తుకుంటే దించమంటాడు, దించితే ఎత్తుకోమంటాడు, అన్నం నోట పెడితే ఉమ్మివేస్తాడు. దిష్టి తగిలిందా, కడుపులో నులిపురుగులున్నాయా, లేక పుట్టుకతోనే మొండివాడా?" ఏడాది నుండి మూడేళ్ల వయసు బిడ్డలున్న తల్లులు వైద్యుని వద్దకు తరచుగా తెచ్చే ప్రశ్న ఇది. పెండ్లిళ్ల కాలంలోను, వేసవి సెలవులలోను మరీ ఎక్కువగా వింటుంటాము.

మేము గురుకులంలో చదువుకొనే రోజులలో మా గురువుగారు ఏడ్చే బిడ్డను ముట్టుకొనక మునుపే తల్లిని మూడు సంగతులు అడిగేవారు. ఎప్పుడు నిద్ర లేచాడు? చివరిసారి ఏమి తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు? మూత్రం ఎప్పుడు పోశాడు? వీటికి జవాబు చెప్పేసరికే సగం మంది తల్లులకు కారణమేమిటో తమకే తెలిసిపోయేది. నాడి, నాలుక చూడటం ఆ తరువాతి సంగతి. ఈ మూడు ప్రశ్నల వెనుక ఉన్న శాస్త్రం తెలిస్తే పసిబిడ్డతో ప్రయాణం అంత కష్టమైన పని కాదు.

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలోని రోగానుత్పాదనీయాధ్యాయంలో బలవంతంగా ఆపరాని వేగాలు 13 అని చెప్పారు. మలమూత్రాలు, తుమ్ము, దగ్గు, ఆవులింత వంటి వాటితో పాటు ఆకలి, దప్పిక, నిద్ర కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చిత్రమేమంటే కన్నీరు కూడా ఉన్నది. పెద్దవారు ఆకలిని ఒక గంట ఓర్చుకొనగలరు, నిద్రను ఒక పూట వాయిదా వేయగలరు. పసిబిడ్డకు ఆ శక్తి లేదు, ఉండవలెనని కోరటం న్యాయమూ కాదు. ప్రయాణమనగా ఈ వేగాలన్నింటికీ ఒకేసారి అడ్డుకట్ట వేయటమే కదా! తెల్లవారుజామున లేపుతాము, వేళకు అన్నం పెట్టము, దారిలో ఇబ్బందని నీరు తగ్గిస్తాము. ఇన్ని వేగాలు ఆగిన తరువాత బిడ్డకు మిగిలిన వేగం కన్నీరొక్కటే. దానిని కూడా కసిరి ఆపజూస్తాము. ఇక పేచీ గాక మరేముంటుంది?

జాగరణ, అకాల భోజనం, కుదుపు, ఎండ, గాలి, ఇవన్నీ వాతాన్ని ప్రకోపింపజేసేవే. కావున బిడ్డను ప్రయాణానికి అనుకూలంగా మార్చాలనుకొనటం కంటె, ప్రయాణాన్ని బిడ్డ వేళలకు అనుకూలంగా మార్చుకొనటమే సులభోపాయం.

నిద్ర వేళ

ఏడాది నుండి రెండేళ్ల బిడ్డకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుండి 14 గంటల నిద్ర కావలెను. మూడేళ్లు నిండిన వానికి 10 నుండి 13 గంటలు. పగటి కునుకు మధ్యాహ్నం ఒంటిగంటకు అలవాటైన బిడ్డను ఆ వేళకు పెండ్లి పందిరిలో మేళాల పక్కన కూర్చోబెడితే, సాయంత్రానికి వాడు ఎవరికీ లొంగడు. నిద్ర తక్కువైన బిడ్డ పెద్దవారివలె మందకొడిగా ఉండడు, విపరీతంగా గెంతుతాడు, నవ్వుతాడు, మరుక్షణం ఏడుస్తాడు. "నిద్రే రావటం లేదండీ, ఎంత హుషారుగా ఉన్నాడో" అని మురిసిపోయేవారు ఈ సంగతి గ్రహించవలెను.

వీలైనంతవరకు బండి కదిలే సమయం బిడ్డ పడుకొనే సమయం కావలెను. ముందునాటి సాయంత్రం గోరువెచ్చని నువ్వులనూనెతో, వేసవి అయితే కొబ్బరినూనెతో, ఒళ్లంతా మృదువుగా మర్దించి గోరువెచ్చని నీటితో స్నానం చేయించండి. అభ్యంగం వాతహరమని, సుఖనిద్ర కలిగిస్తుందని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే చెవులలో, ముక్కులలో నూనె చుక్కలు వేసే అలవాటు మాత్రం మానవలసినదే. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉన్నది. రోజూ కప్పుకొనే పాత దుప్పటి గాని, అమ్మ పాత నూలు చీర గాని వెంట ఉంచుకోండి. ఆ వాసన తెలిసిన గుడ్డ కొత్తచోట సగం పని చేస్తుంది.

దారిలో ఆహారం

సుశ్రుతాచార్యులు బాల్యాన్ని మూడుగా విభజించారు. ఏడాది వరకు క్షీరపులు, రెండేళ్ల వరకు క్షీరాన్నాదులు, ఆపైన అన్నాదులు. పాలూ అన్నమూ రెండూ తీసుకొనే క్షీరాన్నాద దశలోని బిడ్డకు కడుపు చిన్నది, ఆకలి తరచు. రెండు మూడు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పెట్టవలెను. తల్లిపాలు తాగే బిడ్డ అయితే ప్రయాణంలో అంతకు మించిన ఆహారం లేదు. రెండేళ్ల వరకు, ఆపైన కూడా నిశ్చింతగా ఇవ్వవచ్చును.

ఇంటిలో చేసిన మెత్తని ఇడ్లీ (చట్నీ లేకుండా), అరటిపండు, బెల్లం కలిపిన పేలపిండి, నానబెట్టి మెత్తబరచిన అటుకులు దారికి చక్కగా పనికివస్తాయి. పెరుగన్నం ఉదయం కలిపితే వేసవిలో మధ్యాహ్నానికి పులిసిపోతుంది. శీతకాలంలో పరవాలేదు. సీసాలో పాలు పోసి గంటల తరబడి మోయటం అన్నిటికంటె చెడ్డ పని. వేడివేడిగా కాచిన పాలైనా రెండు గంటలు దాటితే బిడ్డకు పట్టకండి. గిన్నె, చెంచా మేలు. కాచి చల్లార్చిన నీరు ఇంటి నుండే తీసుకొనిపోవలెను. కోసి అమ్మే పండ్లముక్కలు, ఐసు వేసిన రసాలు, కూల్‌డ్రింకులు దూరంగా ఉంచండి. వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, విడివిడి ద్రాక్షపండ్లు మూడేళ్లలోపు బిడ్డ చేతికి ఇవ్వరాదు. కుదుపులో అవి గొంతుకు అడ్డుపడతాయి.

మరొక సంగతి. కొత్తచోట బిడ్డ తక్కువ తింటాడు. అది సహజం. బుగ్గలు నొక్కి కూరితే వాంతి చేసుకొంటాడు. ఒకపూట సగం తిన్నంతమాత్రాన చిక్కిపోడు. నీరు, పాలు తగ్గకుండా చూస్తే చాలును.

పుట్టువెంట్రుకలు తీయించే రోజు

తెలుగు ఇండ్లలో పసిబిడ్డతో చేసే మొదటి పెద్ద ప్రయాణం సాధారణంగా పుట్టువెంట్రుకలు తీయించటానికే. తిరుమల కల్యాణకట్టలో గాని, తమ ఇలవేలుపు గుడిలో గాని ఏ ఉదయమైనా నిలబడి చూడండి. గుక్కపట్టి ఏడ్చే పిల్లలు, చెమటలు కక్కే తండ్రులు, "ఒక్క నిమిషం, అయిపోయింది" అనే అమ్మమ్మలు. రాత్రి ప్రయాణం చేసి, నిద్ర చాలక, పాలు తాగక, ఎప్పుడో ఒకసారి చూసిన మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, తలపై చన్నీళ్లు పోసి, కత్తి పట్టిన కొత్తమనిషికి తల వంచమంటే ఏ బిడ్డ ఊరుకొంటాడు?

ఈ కార్యానికి ఒక రాత్రి ముందుగానే చేరుకొని నిద్ర తీరనివ్వండి. బిడ్డ లేచి, పాలు తాగి, తేనుపు వచ్చి, అరగంట గడిచిన తరువాతి వేళ అన్నిటికంటె అనువైనది. మేనమామ ఒకటి రెండు రోజుల ముందే వచ్చి బిడ్డతో ఆడుకొని చేరిక చేసుకొంటే ఆచారమూ నిలుస్తుంది, ఏడుపూ తగ్గుతుంది. తడపటానికి గోరువెచ్చని నీరు, కొత్త బ్లేడు అడిగి మరీ తీసుకోండి. బిడ్డ తల విదిలిస్తుంటే క్షురకుని తొందరపెట్టకండి, ఆగమనండి. గంధం పూయటం చలవే. కాని కంటిలోకి కారకుండా పలుచగా పూయవలెను. చలికాలంలో కొండమీద అయితే తల వెంటనే తుడిచి నూలు టోపీ పెట్టవలెను.

భయపెట్టటం, ఫోను చూపటం

"అదిగో బూచాడు వస్తున్నాడు", "పోలీసుకు పట్టిస్తా", "డాక్టరుగారు సూది వేస్తారు" అని బిడ్డను అణచటం మనకు మహా అలవాటు. బిడ్డ ఏడ్చినా, తిననన్నా, మాట వినకపోయినా రాక్షసుల, పిశాచాల, పూతన వంటి వారి పేర్లు చెప్పి బెదిరించరాదని చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం స్పష్టంగా నిషేధించింది. రెండువేల ఏళ్లనాడే ఈ దురలవాటు ఉన్నదన్నమాట! అదే అధ్యాయంలో ఆటవస్తువుల లక్షణాలు కూడా చెప్పారు. రంగురంగులుగా ఉండవలెను, చప్పుడు చేయవలెను, తేలికగా ఉండవలెను, మొన వాడిగా ఉండరాదు, నోటిలోకి పోయేటంత చిన్నది కారాదు, భయం గొలిపేది కారాదు. ప్రయాణపు సంచిలో వేయదగిన బొమ్మకు ఇంతకంటె మంచి కొలత నాకు తెలియదు. ఒక కొయ్య గిలక, ఒక గుడ్డబొమ్మ చాలు. అన్నీ ఒకేసారి తీయక ఒక్కొక్కటిగా తీయండి.

ఇప్పుడు బూచి స్థానంలో ఫోను వచ్చింది. రెండేళ్లు నిండని బిడ్డకు తెర చూపరాదని, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. దూరప్రయాణంలో పావుగంట చూపితే కొంప మునగదు. అన్నం తినిపించటానికి, నిద్రపుచ్చటానికి అదే సాధనం కారాదు.

నిద్ర మందులు వద్దు

ఈ వ్యాసం వ్రాయటానికి ముఖ్యకారణం ఇది. ప్రయాణంలో బిడ్డ ఏడవకుండా పడుకొని ఉండాలని కొందరు బయలుదేరే ముందు జాజికాయ అరగదీసి నాకిస్తారు. కొందరు వసకొమ్ము అరగదీస్తారు. మరికొందరు ఇంటిలో మిగిలి ఉన్న జలుబు మందు ఒక మూత పోస్తారు.

గత వేసవిలో తిరుపతికి పోతూ మా ఊరిలో బంధువుల ఇంట దిగినవారు ఏడాదిన్నర బిడ్డను నా వద్దకు తెచ్చారు. పగలంతా బస్సు ప్రయాణం. నాయనమ్మ ప్రేమతోనే ఉదయం జాజికాయ ఇచ్చింది. "దారి పొడవునా బంగారంలా పడుకొన్నాడు" అని చెప్పింది. పడుకొన్న బిడ్డ ఎండలో ఏడెనిమిది గంటలు పాలు తాగలేదు, నీరు తాగలేదు. పెదవులు ఎండిపోయాయి, కళ్లు గుంటలు పడ్డాయి, ఉదయం నుండి మూత్రమే లేదు. లేపితే కళ్లు తెరచి మళ్లీ మూస్తున్నాడు. ఔషధం ఏదీ ఇవ్వక వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. సెలైను ఎక్కించగా మరునాటికి తేరుకొన్నాడు. ఏడ్చి ఉంటే ఎవరైనా నీరు పట్టి ఉండేవారు. ఏడ్చే నోటినే ముందుగా మూసివేశారు.

జాజికాయ శాస్త్రంలో ఔషధమే. ఔషధం గనుకనే మోతాదు ఉన్నది. సానరాతి మీద అరగదీసినది ఎంత నోటిలోకి పోయిందో ఎవరూ చెప్పలేరు. మోతాదు మించితే మత్తు, గుండెదడ, భ్రాంతి కలుగుతాయి. వస వాంతి కలిగించగల ద్రవ్యం. జలుబు మందుల సంగతి వేరే చెప్పాలా? క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. ఇంటి వైద్యమైనా, అంగడి మందైనా నిద్ర కోసం పసిబిడ్డకు ఇవ్వరాదు.

పేచీ కానిది

కొన్నిసార్లు ఏడుపు వెనుక నిజంగానే నొప్పి ఉంటుంది. నేపాలులో తాళపత్ర ప్రతిగా దొరికి 1938లో అచ్చయిన కాశ్యపసంహితలో మాటలు రాని బిడ్డ బాధను చేష్టలనుబట్టి గుర్తించటానికి వేదనాధ్యాయమని ఒక అధ్యాయమే ఉన్నది. చేతులతో చెవులు ముట్టుకొంటూ, తల ఊపుతూ, నిద్రపోక, పాలు తాగక ఏడిస్తే చెవినొప్పి అని అందులో చెప్పారు. నేటి వైద్యులు చూసే గుర్తులు కూడా అవే. మూడు ప్రశ్నలకూ జవాబు సరిగా ఉండి, ఎత్తుకొన్నా, పాలిచ్చినా ఏడుపు ఆగకపోతే చెవులు, పొట్ట, డైపరు కింద చర్మం చూడండి. డైపరు రెండు మూడు గంటలకొకసారి మార్చకపోతే ఒరుపు పుట్టి దానికే ఏడుస్తుంటాడు.

విరేచనాలు పట్టుకొంటే ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనానికి 50 నుండి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసువారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టవలెను. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. పలుచని బియ్యపు గంజి, మజ్జిగ కూడా మంచివే. తల్లిపాలు ఆపరాదు. డబ్బాలలో వచ్చే తియ్యని పానీయాలు దీనికి సాటి రావు.

బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, ఆరేడు గంటలుగా మూత్రం లేకున్నా, మలంలో నెత్తురు కనిపించినా, ఫిట్స్ వచ్చినా ఏ చిట్కా వెదకక సమీపంలోని ఆసుపత్రికి పోవలెను. దర్శనం రేపు చేసుకొనవచ్చును.

ఇల్లు చేరిన తరువాత రెండు మూడు రోజులు బిడ్డ వేళలు తారుమారుగానే ఉంటాయి. పెసరకట్టు కలిపిన మెత్తని అన్నం, చారన్నం వంటి తేలిక ఆహారం పెట్టి, సాయంత్రం ఒళ్లు మర్దించి పోసి, చీకటి పడగానే దీపాలు తగ్గించి పాత వేళకే పడుకోబెట్టండి. చుట్టాలను ఆ రెండు రోజులు భోజనానికి పిలవకుండా ఉంటే తల్లికి కూడా కాస్త నిద్ర దొరుకుతుంది.