పక్కలో బల్లెం

పక్కలో బల్లెమనే జాతీయాన్ని మనం సాధారణంగా శత్రువు విషయంలో వాడుతాం. రెండేళ్ల పిల్లవానిని మంచంమీద నడుమ వేసుకొని నిద్రించబోయిన దంపతులకు మాత్రమే ఆ మాటలోని వాచ్యార్థం బోధపడుతుంది.

మా వాడు పక్క ఎక్కేవేళ వామనమూర్తే. అమ్మకూ నాన్నకూ మధ్య జానెడు చోటు చాలునంటాడు. దీపమార్పిన గంటకు త్రివిక్రముడౌతాడు. ఒక పాదం తల్లి మెడమీద, రెండవది తండ్రి డొక్కలో! మూడవ పాదమెక్కడని అడగనక్కరలేదు. ఉన్న రెండే ఆ పనీ చేస్తవి. నడిరేయి దాటగానే మంచినీళ్లు కావాలి. తరువాత, పగలు గోడమీద చూచిన కాకి కావాలి. నేనెన్నిసార్లు లేచానో ఉదయం లెక్కపెట్టి చెప్పుకుంటాను. వాని తల్లి లెక్కపెట్టదు.

ఒకరాత్రి విసిగి గట్టిగా గద్దించాను. వాడు ఏడ్వలేదు. చీకటిలో చేయి చాచి నా ముఖం తడిమాడు. ముక్కు దొరికింది. నేనేనని నిశ్చయించుకొని నిద్రపోయాడు. తెల్లవారేదాకా నాకు కన్ను మూతపడలేదు.

నిద్ర ఒకే ధారగా సాగదు. అలలు అలలుగా వస్తుంది. నిద్రించేవారి కనుగుడ్లు మూసిన రెప్పలక్రింద ఉండి ఉండి వేగంగా కదులుతవని షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1953లో ప్రకటించారు. ఆ పరిశోధనకై అసెరిన్‌స్కీ తన ఎనిమిదేళ్ల కుమారుని కూడా యంత్రానికి తగిలించి పడుకోబెట్టాడు. పిల్లవాడు నిద్రించగా తండ్రి జాగరం చేయటం అక్కడా తప్పలేదన్నమాట! పెద్దల నిద్రలో ఒక్కొక్క అల సుమారు 90 నిమిషాలు; పసితనంలో గంటకు అటూ ఇటూ. అల విరిగినప్పుడల్లా లీలగా మెలకువ వస్తుంది. మనం ఒత్తిగిలి మళ్లీ నిద్రిస్తాం, ఉదయానికి మరచిపోతాం. పసివానికి ఆ నేర్పు లేదు. అమ్మ చెంపమీద చేయివేసి నిద్రలో జారినవాడు, మెలకువలో ఆ చెంపకోసమే వెదకుతాడు. మనం తన్నులనుకొనేవానిలో కొన్ని ఆ వెదకులాటే.

(ఏడాది నిండని శిశువును పెద్దల పక్కలో గాక, అదే గదిలో వేరుగా పడుకోబెట్టటమే క్షేమమని వైద్యులంటారు. మా వానికి ఆ గడువు దాటింది.)

వానికి పగటి కునుకుతో కలిపి 11 మొదలు 14 గంటల నిద్ర కావాలట. రాత్రి తగ్గినది మధ్యాహ్నం పూరించుకుంటాడు. నేను బడికి పోవాలి.

అలా కళ్లు మండుతూ తరగతిలో నిలిచిననాడు నాకొక పాత ముఖం గుర్తుకు వస్తుంది. నా పెండ్లికి పూర్వపు మాట. మొదటి పీరియడులో రోజూ కునికే కుర్రవానిని బెంచీ ఎక్కించి కారణమడిగాను.

“రాత్రి మా చెల్లి పడుకోనివ్వలేదు మాస్టారూ” అన్నాడు.

తరగతి ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. వారిది ఒంటిగది ఇల్లనీ, తల్లి పగలంతా బీడీలు చుట్టి అలసిపోతుందనీ, అర్ధరాత్రి ఆ పిల్లను భుజాన వేసుకొని తిరిగేది వాడేననీ ఏడాది చివర తెలిసింది. అప్పటికి వాడు బడి మానివేశాడు.

మొన్న సోమవారం రెండవ బెంచీలో మరొకడు తల వాల్చాడు. పాఠం ఆపలేదు, గొంతు మాత్రం కొంచెం తగ్గించాను.