వార్తల్లో పదం: డెవాప్స్

విశాఖలో భారీ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఇలాంటి ప్రకటనల వెంట వచ్చే ఐటీ కొలువుల కబుర్లలో తరచూ వినిపించే మాట డెవాప్స్. డెవలప్‌మెంట్, ఆపరేషన్స్ పదాల కలయిక ఇది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లే దాన్ని నడిపే బాధ్యతనూ పంచుకోవడం దీని సారం. చేను వేసినవాళ్లే మంచె ఎక్కి కాపలా కాసినట్టన్నమాట.

డెవాప్స్ రాకముందు ఒక బృందం కోడ్ రాసి అప్పగిస్తే, మరో బృందం సర్వర్లపై నడిపేది. ఏదైనా ఆగిపోతే తప్పు మీదంటే మీదని వాదులాట. 2009లో బెల్జియంలోని ఘెంట్‌లో ప్యాట్రిక్ డెబోయిస్ నిర్వహించిన ‘డెవాప్స్‌డేస్’ సదస్సుతో ఈ పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ పద్ధతిలో మార్పులను చిన్నచిన్నవిగా విడుదల చేస్తారు. కోడ్ చేర్చగానే పరీక్షలు వాటంతటవే జరుగుతాయి. అర్ధరాత్రి సర్వర్ మొరాయిస్తే, ఆ రోజు వంతున్న డెవలపర్ ఫోనే మోగుతుంది. ముందు పాత వెర్షన్‌కు మళ్లించి, తర్వాత కారణం వెతుకుతారు. సమస్య తొందరగా తేలుతుంది. అయితే రాత్రి డ్యూటీల భారమూ ఉంటుంది.

ఇది మనకెందుకు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలను ఫోన్లోనే అందించే ‘మన మిత్ర’ 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో మొదలైంది. అరకు కొండల్లో సిగ్నల్ అందే చోటు వెతుక్కుని దరఖాస్తు పెట్టేవారికి, ఏ ఆన్‌లైన్ సేవైనా సరిగ్గా అప్పుడే ఆగిపోయి, త్వరగా తేరుకోకపోతే ఆ పూట వృథా.