గాలే కుర్చీ

పిల్లలూ! సుడిగాలిలో ఎండుటాకులు పైకి లేవటం మీరు చూసే ఉంటారు. మనిషి కూడా అలా గాలిలో తేలగలడా? తేలగలడు!

ఇందుకోసం నిలువుగా ఒక పెద్ద గొట్టం కట్టి, పంకాలతో అందులో గాలి కిందినుంచి పైకి వీచేటట్టు చేస్తారు. 1964లో అమెరికాలోని ఒహాయోలో, వైమానిక దళంవారి గొట్టంలో జాక్ టిఫనీ అనే ఆయన మొట్టమొదట ఇలా తేలాడు.

బోర్లా పడుకున్న మనిషిని మోయటానికి గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంగల గాలి చాలు. కూర్చుంటే అది చాలదు. ఒంటికి గాలి తగిలే మేర తగ్గిపోతుంది గనక, గాలి మరింత వేగంగా వీచాలి.

వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళు వంచి, చేతులు పక్కలకు చాచాలి. పాదాలతో గాలిని తొక్కిపట్టాలి. అప్పుడు గాలే కుర్చీ అవుతుంది!

కాని, పట్టు తప్పి బోర్లా తిరిగితే? అంత గాలీ ఒళ్ళంతా తగిలి, మనిషి రివ్వున పైకి పోతాడు! అందుచేత ముందు బోర్లా, తరవాత వెల్లకిలా తేలటం వచ్చాకే కూర్చోవటం నేర్పుతారు. గురువు పక్కనే ఉంటాడు. హోరులో మాట వినపడదు. చేతి సైగలతోనే పాఠం చెబుతాడు.

ఒకేలాంటి రెండు కాగితాలు తీసుకుని, ఒకదాన్ని ఉండ చుట్టి, రెండూ ఒకేసారి వదలండి. ఏది ముందు నేల చేరింది? ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు!