ర్యాంకొచ్చింది... రేడియాలజీ తీసుకోవాలా?

నీట్‌ పీజీలో మంచి ర్యాంకు వస్తే ఆ ఇంట్లో ముందు పండగ, వెంటనే పంచాయతీ! ఏ బ్రాంచి తీసుకోవాలన్నదానిమీద నాన్నదో మాట, మేనమామదో మాట, అమెరికాలో ఉన్న అన్నయ్యది మరో మాట. బెజవాడ, గుడివాడ, మచిలీపట్నం వైపు డాక్టరు చదువులున్న ఇళ్లలో చాలాకాలంగా ఈ పంచాయతీకి తీర్పు ఒక్కటే... రేడియాలజీ దొరికితే వదలొద్దని. కారణాలూ తెలిసినవే. అర్ధరాత్రి కాన్పు కేసులు ఉండవు. వార్డుల చుట్టూ తిరగక్కర్లేదు. ఏసీ గదిలో కూర్చుని ఫిల్ము చూసి రిపోర్టు రాస్తే సరి. సూర్యారావుపేటలో ఏ వీధిలోకి వెళ్లినా స్కానింగ్‌ సెంటరు బోర్డులే కనిపిస్తాయి మరి. పెళ్లి సంబంధాల్లోనూ ఆ బ్రాంచికున్న గిరాకీ వేరు! కౌన్సెలింగ్‌లో ముందుగా నిండిపోయే సీట్లలో ఎండీ రేడియోడయాగ్నసిస్‌ది ఎప్పుడూ పై వరసే.

ఇప్పుడా పంచాయతీలోకి కొత్త పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. పేరు కృత్రిమ మేధ. ఎక్స్‌రేలు కంప్యూటరే చదివేస్తుంటే మూడేళ్లు కష్టపడి ఆ చదువు చదవడం ఎందుకన్నది అతగాడు లేవనెత్తిన ప్రశ్న. గుణదలలోని సిద్ధార్థ వైద్య కళాశాల నుంచి 2023లో తరగతులు మొదలైన మచిలీపట్నం ప్రభుత్వ కళాశాల దాకా... తెల్లకోటు వేసుకున్న పిల్లలెవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది.

ఈ భయం పెద్దదైంది 2016లో. కృత్రిమ మేధ రంగంలో దిగ్గజమైన జెఫ్రీ హింటన్‌ ఆ ఏడాది టొరంటోలో మాట్లాడుతూ, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలన్నారు. అయిదేళ్లలో, మహా అయితే పదేళ్లలో యంత్రాలు వాళ్లను మించిపోతాయని చెప్పారు. అంతటివాడు అన్నాక కుర్రాళ్లు బెదరకుండా ఉంటారా! బ్రిటన్‌లోని 19 వైద్య కళాశాలల్లో 484 మంది విద్యార్థులను అడిగి 2020లో ప్రచురించిన సర్వేలో, ఈ కారణంగానే రేడియాలజీ వైపు వెళ్లే ఆలోచన తగ్గిందన్నవారు 49 శాతం.

మరి జరిగిందేమిటి? హింటన్‌కు 2024లో భౌతికశాస్త్ర నోబెల్‌ వచ్చింది కానీ, ఆయన జోస్యం మాత్రం గడువులోగా ఫలించలేదు. అప్పుడు మరీ విశాలంగా మాట్లాడానని 2025లో ఆయనే ఒప్పుకున్నారు. అమెరికాలోని పేరున్న మేయో క్లినిక్‌లో కృత్రిమ మేధ వాడకం బాగా ఎక్కువ. అయినా అక్కడి రేడియాలజిస్టుల సంఖ్య 2016తో పోలిస్తే 55 శాతం పెరిగి 2025 నాటికి 400 దాటింది!

అలాగని యంత్రాన్ని తీసిపారేయడానికి లేదు. క్షయను గుర్తించేందుకు ఛాతీ ఎక్స్‌రేలను మనిషికి బదులు సాఫ్ట్‌వేర్‌తో చదివించవచ్చని, పదిహేనేళ్లు దాటినవారి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ తయారుచేసిన వాటిలో 2016లో ముంబయిలో పుట్టిన క్యూర్‌ డాట్‌ ఏఐ ఒకటి. స్వీడన్‌లో 80 వేలమంది మహిళలతో రొమ్ము క్యాన్సర్‌ పరీక్షల మీద ఓ అధ్యయనం జరిగింది. యంత్రం సాయం తీసుకుంటే డాక్టర్లు ఫిల్ములు చదివే భారం 44 శాతం తగ్గిందని 2023లో తేలింది.

అంటే ఏమిటన్నమాట? చీకటిగదిలో కూర్చుని ఫిల్ము తర్వాత ఫిల్ము చూసే పని ఉందే... యంత్రం ముందుగా చెయ్యిపెట్టేది దానిమీదే. చిత్రమేమిటంటే, ఇంట్లోవాళ్లు రేడియాలజీలో చూసి మురిసిపోయే సుఖం కూడా సరిగ్గా అదే!

రోగి పక్కన నిలబడి చేసే పని అలా కాదు. అల్ట్రాసౌండ్‌నే తీసుకోండి. అక్కడ బొమ్మ ముందే సిద్ధంగా ఉండదు. ప్రోబు పట్టుకున్న చెయ్యి ఎటు తిప్పితే, ఎంత నొక్కితే ఆ బొమ్మ వస్తుంది. అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దావిడ కడుపునొప్పి ఎక్కడో చూపిస్తుంటే, సంచిలోంచి పాత రిపోర్టులు తీయించి పోల్చి చూస్తూ స్కాన్‌ చేయాలి. స్కాన్‌లో చూసుకుంటూ సూదితో గడ్డ ముక్క తీయడం, చీము బయటకు లాగడం కూడా ఈ బ్రాంచివాళ్ల పనే. గర్భిణుల స్కానింగ్‌కైతే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది. సెంటరుకు రిజిస్ట్రేషన్‌, డాక్టరుకు అర్హత, ప్రతి గర్భిణికీ ఫారం-ఎఫ్‌, దానిమీద సంతకం... లెక్క తప్పితే జవాబు చెప్పాల్సింది మనిషే.

ఉద్యోగం సంగతి అలా ఉంచితే, అసలు ఆలోచించాల్సింది చదువు గురించి. రేడియాలజిస్టు కన్ను పుస్తకాలతో తయారవదు. ఏ జబ్బూ లేని ఛాతీ ఎక్స్‌రేలు వేలకు వేలు చూస్తే తప్ప, తేడా ఉన్నది కంటికి ఆనదు. ఆ మామూలు ఎక్స్‌రేలనే యంత్రం ముందుగా చదివేసి, అనుమానం ఉన్నచోట గీత గీసి చేతికిస్తే పీజీ విద్యార్థి కన్ను తయారయ్యేది ఎలా? జర్మనీలోని కొలోన్‌లో 27 మంది రేడియాలజిస్టులతో మామోగ్రామ్‌లు చదివించి చూశారు. యంత్రం సరిగ్గా చెప్పినప్పుడు అనుభవం లేనివాళ్లు 80 శాతం దాకా సరిగ్గానే చెప్పారు. కావాలని యంత్రంతో తప్పు చెప్పిస్తే? అది 20 శాతానికి పడిపోయింది! బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా 82 నుంచి 45 శాతానికి జారారు. 2023లో వచ్చిన ఈ ఫలితాలు చూస్తే, యంత్రం డాక్టరు ఉద్యోగం తీసేయడంకన్నా అతని చూపును మందగింపజేయడమే ముందు జరిగేలా ఉంది.

కాబట్టి ర్యాంకొచ్చిన పిల్లలు కాలేజీ ఎంచుకునేటప్పుడు కొత్త ప్రశ్నలు కొన్ని అడగాలి. అక్కడి పీజీ రోజుకు ఎన్ని అల్ట్రాసౌండ్‌లు సొంతంగా చేస్తాడు? బయాప్సీలు అతని చేతికిస్తారా, పక్కన నిలబెట్టి చూపిస్తారా? యంత్రం ఉంటే గనుక, దాని జవాబు చూడకముందే అతను తన రిపోర్టు రాస్తాడా, చూశాకా? వీటికి వెబ్‌సైటులో జవాబులు దొరకవు. ఆ విభాగంలో సీనియర్‌ పీజీ పక్కన ఒక పూట కూర్చుంటే చాలు, అన్నీ తెలిసిపోతాయి. అదీ ఆప్షన్లు లాక్‌ చేయకముందే సుమా!