తాత్కాలిక కమిటీ నివేదిక – ఎవరికి, ఎప్పుడు, ఎలా?

మన సొసైటీలలో ఏ పని వచ్చినా ముందు ఒక కమిటీ వేస్తాం. రంజాన్‌లో రేషన్ కిట్ల పంపిణీకి ఒకటి, స్కాలర్‌షిప్ దరఖాస్తుల పరిశీలనకు ఒకటి, వరద వస్తే సహాయానికి మరొకటి. కమిటీ వేయడం మనకు బాగా అలవాటు. దాన్ని పద్ధతిగా ముగించడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

కొన్నేళ్ల క్రితం మా కార్యవర్గం రేషన్ పంపిణీకి ఒక కమిటీని వేసింది. ఈద్ తర్వాత జరిగిన సమావేశంలో కన్వీనర్ సాబ్ లేచి "అల్హమ్దులిల్లాహ్, అంతా బాగా జరిగింది" అన్నారు. అందరం సంతోషించాం, చాయ్ తాగి లేచాం. మరుసటి ఏడాది ఒక దాత "పోయినసారి సొమ్ములో మిగిలిందెంత?" అని అడిగారు. మినిట్స్ బుక్ తిరగేస్తే ఆ ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. కన్వీనర్ సాబ్ ఇంటి నుంచి రసీదులన్నీ తెచ్చి చూపించారు. పైసా తేడా లేదు. మిగిలిన సొమ్ము కవరులో భద్రంగా ఉంది. కానీ ఆ వారం రోజులూ ఆయన మస్జిద్‌లో నలుగురి ముందు తలెత్తుకోలేకపోయారు. తప్పు ఆయనది కాదు, నివేదిక అడగని మాది. ఆ తర్వాతే మేము ఈ పద్ధతులు చదివి తెలుసుకున్నాం. సోదర సంస్థలకూ ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాం.

ఈ నియమాలు ఎక్కడివి?

అమెరికా సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్‌ను 1863లో ఒక సభకు అధ్యక్షత వహించమన్నారు. సభ నడపడం తెలియక ఆయన చాలా ఇబ్బంది పడ్డారు. ఆ అనుభవంతో పార్లమెంటరీ పద్ధతులను అధ్యయనం చేసి, 1876లో సామాన్య సంఘాలకు పనికొచ్చే నియమావళిని ప్రచురించారు. 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్' అనే ఆ పుస్తకాన్ని నేటికీ ఎన్నో సంస్థలు అనుసరిస్తున్నాయి. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. మన రిజిస్టర్డ్ సొసైటీలకు ముందు చట్టం, తర్వాత సొంత బైలాస్. అవి చెప్పని చోటే ఈ నియమాల సాయం.

రెండు రకాల కమిటీలు

ఏడాది పొడవునా ఒక శాఖను చూసుకునేది స్థాయీ కమిటీ. ఒకే పని కోసం వేసేది తాత్కాలిక కమిటీ. తుది నివేదిక కార్యవర్గానికి అందగానే తాత్కాలిక కమిటీ దానంతట అదే రద్దయిపోతుంది, వేరే తీర్మానం అక్కరలేదు. నివేదిక రాకపోతే మాత్రం కమిటీ కాగితం మీద బతికే ఉంటుంది, బాధ్యత సభ్యుల మెడ మీదే ఉంటుంది. మా కన్వీనర్ సాబ్‌కు జరిగింది ఇదే.

పని మధ్యలో ఇచ్చేది మధ్యంతర నివేదిక. దానితో కమిటీ రద్దు కాదు. గడువులోగా నివేదిక ఇవ్వని కమిటీని కార్యవర్గం సాధారణ మెజారిటీతో తొలగించవచ్చు. గడువుకు ముందే తొలగించాలంటే ముందస్తు నోటీసుతో మెజారిటీ గాని, నోటీసు లేకుంటే మూడింట రెండు వంతుల ఓట్లు గాని కావాలి. అందుకే కమిటీని వేసే తీర్మానంలోనే తేదీ రాయడం మంచిది. మన లోక్‌సభ నియమాల్లోనూ, సభ గడువు పెట్టకపోతే సెలెక్ట్ కమిటీకి మూడు నెలలే గడువు.

నివేదిక ఎవరికి?

ఎవరు నియమించారో వారికే. కార్యవర్గం వేసిన కమిటీ కార్యవర్గానికి చెప్పాలి, నేరుగా మహాసభకు గాని, బయట నలుగురికి గాని కాదు. మహాసభకు జవాబు చెప్పుకోవలసింది కార్యవర్గం.

నివేదికలో ఏముండాలి?

1. కమిటీకి అప్పగించిన పని.
2. ఆ పని ఎలా చేశారు.
3. తెలుసుకున్న విషయాలు. డబ్బు చేతులు మారితే వచ్చినది, ఖర్చయినది, మిగిలినది.
4. చివర విడిగా, తీర్మానం రూపంలో సిఫారసులు.

సభ్యులందరికీ కబురు పంపి, కోరం ఉన్న సమావేశంలో మెజారిటీ ఒప్పుకున్నదే నివేదిక. కన్వీనర్ ఒక్కరే ఇంట్లో కూర్చుని రాసింది కమిటీ నివేదిక కాదు. ఎవరు ఏమన్నారనేది అందులో రాయకూడదు. ఒప్పుకోని సభ్యుడు కార్యవర్గంలో ఉంటే చర్చలో తన మాట చెప్పుకోవచ్చు. విడిగా భిన్నాభిప్రాయ నివేదిక చదవాలంటే, రాబర్ట్ నియమాల ప్రకారం సభ అనుమతి కావాలి. మన పార్లమెంటులో సభ్యుల అసమ్మతి పత్రాలను నివేదికకు జతచేస్తారు. 2025 ఫిబ్రవరిలో వక్ఫ్ సవరణ బిల్లుపై సంయుక్త కమిటీ నివేదిక సభల ముందుకు వచ్చినప్పుడు ఈ అసమ్మతి పత్రాల గురించి మనమంతా విన్నాం.

'స్వీకరించాం' అంటే?

ఇక్కడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. మినిట్స్‌లో "నివేదికను స్వీకరించడమైనది" అని రాసేస్తాం. విన్నామనా, ఒప్పుకున్నామనా? నివేదిక చదవగానే అది అందినట్టే, దానికి ఓటు అక్కరలేదు. ఆమోదించాం అంటే మాత్రం అందులోని ప్రతి మాటా కార్యవర్గం మాటే అయిపోతుంది. కాబట్టి "నివేదిక అందినది" అని రాసి, సిఫారసులను ఒక్కొక్కటిగా చర్చించి ఓటుకు పెట్టడం మేలు. ఒకరి కంటే ఎక్కువ మంది ఉన్న కమిటీ సిఫారసును బలపరచడానికి వేరే సభ్యుడు అక్కరలేదు. లెక్కలు మాత్రం ఆడిట్ అయ్యాకే ఆమోదించాలి. కమిటీ ముగియగానే కాగితాలన్నీ కార్యదర్శికి అప్పగించాలి.

ఇది మనకు కొత్త కాదు

బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలలో ఒక ఉదంతం ఉంది. సదఖా వసూలుకు పంపిన ఒక వ్యక్తి తిరిగి వచ్చినప్పుడు ప్రవక్త (సఅసం) ఆయన దగ్గర లెక్క తీసుకున్నారు. ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చింది అని ఆయన వేరు చేసి చూపించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక నీకు వచ్చేదా అని ప్రవక్త (సఅసం) ప్రశ్నించారు. బాధ్యత మీద వెళ్లినవారు అందినదంతా చెప్పాలన్న పాఠం అందులో ఉంది.

లెక్క అడగడం అనుమానించడం కాదు. నిజాయితీపరుడికి నివేదికే రక్షణ. ఇప్పుడు మా రేషన్ కమిటీ ఈద్ తర్వాత నెలలోపు రెండు పేజీల నివేదిక ఇస్తోంది. మొదటి నివేదిక రాసింది ఆ కన్వీనర్ సాబే.

అమానత్‌ను నిలబెట్టుకునే తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.