సంఘపు పెద్దలు: వారికిఁ జేయఁదగిన గౌరవము



క్రైస్తవ సంఘములందు "పెద్ద" యను మాట వయస్సును మాత్రమే తెలుపదు. అది యొక పదవికిని పేరు. క్రొత్త నిబంధన వ్రాయఁబడిన గ్రీకు భాషలో "ప్రెస్బుతెరోస్" అను పదము గలదు. దానికి వయస్సున పెద్దవాఁడనియు, సంఘమును నడపువాఁడనియు రెండర్థములును గలవు. సంస్కృతమున "వృద్ధ" శబ్దము పెరుగుట యను నర్థము గల ధాతువునుండి పుట్టినది. కాఁబట్టి వృద్ధుఁడనఁగా తఱిగిపోయినవాఁడు కాఁడు, పెరిగినవాఁడు.

పౌలు యెరూషలేమునకుఁ బోవుచు మిలేతునందు నిలిచి, ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించి, సంఘమును వారి కప్పగించి వీడ్కోలు చెప్పెను. తిమోతికి వ్రాసిన మొదటి లేఖలో, చక్కఁగా పాలించు పెద్దలు రెట్టింపు గౌరవమునకుఁ దగుదురని చెప్పి, వెంటనే కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టరాదను ధర్మశాస్త్రవిధిని జ్ఞాపకము చేసెను. సేద్యము నెఱిఁగిన మీకు దీనికి వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు. గౌరవమనఁగా వట్టి నమస్కారము కాదు. పాటుపడిన వాని పోషణయు అందుఁ జేరియున్నది. ఆ యధ్యాయముననే అఱువదియేండ్లకుఁ దక్కువకాని విధవరాండ్ర పట్టిక ప్రస్తావింపఁబడినది. అతిథులను ఆదరించి, కష్టములోనున్నవారికి సాయపడిన స్త్రీలను అందుఁ జేర్పవలెనఁట. పెద్దఱికము మగవారి సొత్తు మాత్రమే కాదని దీనివలనఁ దెలియుచున్నది.

పెద్దలను గౌరవింపనివాఁ డెవఁడనఁగా మనకు రెహబాము జ్ఞాపకమునకు వచ్చును. సొలొమోను మరణించిన పిమ్మట ఆతని కుమారుఁడైన యీ రెహబామును, తండ్రి పెట్టిన బరువు కొంత తగ్గింపుమని ప్రజలు వేఁడుకొనిరి. అతఁడు మూఁడు దినములు గడువు పెట్టి, తండ్రి కొలువులోని పెద్దలను ఆలోచన యడిగెను. ప్రజలతో మంచిమాటలాడి వారికి సేవచేసినచో వారు ఎల్లకాలము నీవారై యుందురని పెద్దలు చెప్పిరి. తనతోఁ బెరిగిన యువకులు బరువు ఇంకను పెంచుమనిరి. రాజు యువకుల మాట పట్టుకొనెను. పది గోత్రములు విడిపోయెను. ఇందొకటి గమనింపవలయును. రెహబాము పెద్దలను పిలువకపోలేదు. పిలిచెను, అడిగెను; వారి మాట మాత్రము చెవిని బెట్టలేదు.

ఆ దోషము నాయందును గలదు. ముప్పదియేండ్లకుఁ బూర్వము నేను మా సంఘపు కమిటీలో నుంటిని. ఎనుబది దాఁటిన పెద్ద యొకాయన మా సంఘమున నుండెను. చదువు రాదు, సేద్యమే జీవనము. అయినను పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఆయనకుఁ గంఠస్థములు. 1803లోఁ బుట్టి 1890లో గతించిన ఆ భక్తకవి కీర్తనలు నేఁటికిని మన దేవాలయములందు పాడఁబడుచున్నవి. పుస్తకమున రాగతాళముల పేరులు అచ్చుపడియుండును గాని, ఏ పాదమునొద్ద గొంతు ఎట్లు మలుపవలెనో అచ్చుపడదు. అది ఆయన గొంతులో నుండెను.

ఒక క్రిస్మసునాఁడు ఆయనకు పూలదండ వేసి, శాలువ కప్పితిమి. ఆయన నావైపు తిరిగి, "దండదేముంది పంతులుగారూ, సాయంత్రానికి వాడిపోతుంది. నలుగురు పిల్లల్ని పంపండి, పాటలు చెప్పిపోతాను" అనెను. కోఁతలనియు, పరీక్షలనియు, వచ్చు నెల చూతమనియు నేనే దాఁటవేసితిని. ఆ వేసవిలో ఆయన కాలము చేసెను. సమాధియొద్ద ఆయనకుఁ బ్రియమైన కీర్తన నెత్తుకొని, రెండవ చరణముననే తప్పిపోయి ఊరకుంటిమి. పుస్తకము మా చేతులలోనే యుండెను.

కాఁబట్టి నా మనవి యిది. సంఘకార్యము తలపెట్టునపుడు పెద్దలను ముందుగా అడుగుఁడు. వారి మాట చొప్పున నడువ వీలులేనిచో కారణము వారికిఁ జెప్పుఁడు. దేవాలయమునకు రాలేనివారి యింటికి ప్రభువు బల్లను గొనిపోవునట్లు చూడుఁడు. వారు చెప్పుదానిని పిల్లలచేత వ్రాయింపుఁడు. నేఁడు పిల్లవాని చేతిలోని ఫోనే పాటను పట్టియుంచఁగలదు.

పెద్దలైన మీకును ఒక మాట. అడుగువఱకు వేచియుండకుఁడు. దేవాలయపు తాళపుచెవులు నడుమునఁ గట్టుకొని తిరుగుట పెద్దఱికము కాదు. అవి మఱియొకని చేతికిచ్చి, తలుపు తీయు విధము నేర్పుట పెద్దఱికము.

నేనును అఱువది దాఁటితిని. ఆయన పాటలలో నాకు మిగిలినవి రెండో మూఁడో. వానిని ఆదివారము సాయంకాలమున పిల్లలకుఁ జెప్పుచున్నాను. ఆ కీర్తన రెండవ చరణమునొద్ద మాత్రము ఇప్పటికిని తడఁబడుచునే యున్నాను.